రాక్‌వెల్ టెస్టుకు ముందు చూసుకోవాల్సినవి

మెటీరియల్స్ ల్యాబ్ ప్రాక్టికల్స్ దగ్గరపడ్డాయి. రాక్‌వెల్ టెస్టులో ఒక మొనను లోహంలోకి నొక్కి, అది దిగిన లోతును బట్టి గట్టితనం కొలుస్తాం. ఆ హార్డ్‌నెస్ మెషిన్ ముట్టుకునే ముందు ఇవి గుర్తుంచుకోండి.

• డైమండ్ మొనను ఖాళీ యాన్విల్‌కు (ముక్కను పెట్టే దిమ్మకు) తగలనివ్వొద్దు, లోడ్ మీద ఉండగా ముక్కను కదపొద్దు. వజ్రం గట్టిదే కానీ పెళుసు. పక్కనుంచి ఒత్తిడి పడితే చిట్లుతుంది. ఆ చిట్లు కంటికి కనిపించకపోవచ్చు. తర్వాత మీ బ్యాచ్ మొత్తం తప్పు రీడింగులే రాసుకుంటుంది.

• స్కేలు, లోడు, ఇండెంటర్ (లోహంలోకి నొక్కే మొన లేదా బాల్) మూడూ కలవాలి. సి స్కేలుకు డైమండ్ కోన్, 150 కిలోలు. బి స్కేలుకు 1/16 అంగుళం బాల్, 100 కిలోలు. గట్టిపరిచిన స్టీలు మీద బాల్ పెడితే ఆ బాలే చెడిపోతుంది.

• ముక్క అడుగు కూడా తుడవండి. అందరూ పైభాగమే రుద్దుతారు, నాకు బాధ కలిగించేది ఇదే. రీడింగులో ఒక్క పాయింటు అంటే లోతులో 0.002 మిల్లీమీటర్లు మాత్రమే. అడుగున ఇసుక రేణువు నలిగినా మెషిన్ దాన్ని లోతుగానే లెక్కేసి, లోహాన్ని మెత్తగా చూపిస్తుంది.

• ఇండెంటర్ మార్చాక మొదటి రెండు రీడింగులు వదిలేయండి, అది ఇంకా సరిగ్గా కూర్చుని ఉండదు. ఆ తర్వాత టెస్ట్ బ్లాక్‌తో (గట్టితనం ముందే తెలిసిన ముక్కతో) సరిచూడండి.

• ఇండెంటర్ నొక్కిన గుర్తుల కేంద్రాల మధ్య కనీసం గుర్తు వ్యాసానికి మూడు రెట్ల దూరం, అంచు నుంచి రెండున్నర రెట్లు ఉండాలి. పాత గుర్తు చుట్టూ లోహం నొక్కుకుని గట్టిపడి ఉంటుంది.

• పలచని ముక్క వెనకవైపు మచ్చ కనిపిస్తే ఆ రీడింగు కొట్టేయండి.

• గుండ్రటి రాడ్డుకు వి-యాన్విల్ (V ఆకారపు గాడి ఉన్నది) వాడండి, దొర్లకుండా.