బబుల్ చాంబర్ ఫొటో మీద కణాల ఢీని కొలవడం ఎలా

స్కేలూ పెన్సిలూ తీసే ముందు రెండు జానల బైండింగ్ వైరు సంపాదించండి. స్లాబు వేసేచోట ఇనుప చువ్వలు కట్టే తీగ, అదే. రెండు ముక్కలు చేసి, సగం దాకా మెలేసి, మిగిలిన సగాలను కొమ్మల్లా విడదీయండి. కొమ్మల మధ్య 90 డిగ్రీలు ఉండాలి, కాడ దాన్ని సరిసగం చెయ్యాలి. మిట్టమధ్యాహ్నం ఎండలో నేలకు సమాంతరంగా పట్టుకుంటే నీడలో కూడా 90 డిగ్రీలే. ఇప్పుడు కాడను వంచకుండా వేళ్ల మధ్య మెల్లగా తిప్పండి. నీడలో కొమ్మలు దగ్గరకొస్తాయి. 60 డిగ్రీలు తిప్పేసరికి వాటి మధ్య కోణం 53 అవుతుంది. ఇంకో 30 తిప్పితే కొమ్మలు రెండూ కాడతో కలిసి ఒకే గీత. అక్కడ చీలిక ఉందని నీడ చూసినవాళ్లెవరూ చెప్పలేరు.

బబుల్ చాంబర్ ఫొటో కూడా ఒక నీడే. కాడ అంటే దూసుకొచ్చిన కణం దారి, కొమ్మలు అంటే ఢీ తరవాత బయటికి పోయే రెండు కణాల దారులు. నేను డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్లు ఫిజిక్స్ చెప్పాను. ఈ ఫొటోలు ఇచ్చిన ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు కోణమానిని పెట్టి చూసి, "కోణం తక్కువొచ్చింది సార్, ఇది ఎలాస్టిక్ (కొత్త కణం పుట్టని ఢీ) కాదు" అని కొట్టేసేవాళ్లు. తీగ వాళ్ల కోసం చేసిందే.

ఫొటో ఎలా వచ్చిందో క్లుప్తంగా చెప్తాను. ద్రవ హైడ్రోజన్‌ను సుమారు మైనస్ 246 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒత్తిడిలో ఉంచుతారు. కణాల పుంజం వచ్చే క్షణానికి ఆ ఒత్తిడిని ఒక్కసారిగా తగ్గిస్తారు. మరగడానికి సిద్ధంగా ఉన్న ద్రవంలో, ఆవేశం ఉన్న కణం వెళ్లిన దారంతా బుడగలు లేస్తాయి. ఫ్లాష్ వెలుగుతుంది, వేర్వేరు చోట్ల ఉన్న కెమెరాలు ఒకేసారి ఫొటో తీస్తాయి. 1952లో డోనల్డ్ గ్లేసర్ కనిపెట్టిన పద్ధతి ఇది, 1960లో ఆయనకు నోబెల్ తెచ్చింది. హైడ్రోజన్ వాడటంలో సుఖం ఏమిటంటే దాని కేంద్రకం ఒంటి ప్రోటాన్. ఢీకొన్నది దేన్నో అన్న గొడవ లేదు. జెనీవా దగ్గరి కణ భౌతిక పరిశోధనశాల సెర్న్‌లో 1960లు, 70లలో పనిచేసిన 2 మీటర్ల హైడ్రోజన్ చాంబర్ ఫొటోలను మనసులో పెట్టుకుని ఇదంతా రాస్తున్నాను. ఆవేశం ఉన్న కణాల దారిని వంచడానికి అందులో అయస్కాంత క్షేత్రం ఉంటుంది, సుమారు 1.7 టెస్లా.

ప్రింటు ఏ3 సైజులో తీయించండి. ఒకసారి జిరాక్స్ షాపులో ఇరవై ప్రింట్లు తీయిస్తే, మధ్యలో ఎవరో ‘ఫిట్ టు పేజ్’ నొక్కారు. సగం ఒక సైజు, సగం ఇంకో సైజు. రెండు వారాలు కొలిచాక గానీ మాకు తెలియలేదు, అన్నీ చెరిపి మళ్లీ మొదలు. అప్పట్నుంచి మొదటి పని ఫొటోలో కనిపించే కూడిక గుర్తులను వెతకడం. అవి చాంబర్ అద్దాల మీద గీసినవి, వాటి మధ్య అసలు దూరం ఫొటోతో పాటు ఇస్తారు. ప్రతి ప్రింటు మీదా ఆ దూరం కొలిచి, స్కేలు ఎంతో మూలన రాసుకోండి. ముందు అద్దం గుర్తులకూ వెనక అద్దం గుర్తులకూ స్కేలు కొంచెం తేడాగా వస్తుంది. అది తప్పు కాదు, వెనకవి కెమెరాకు దూరం. చేతి కొలతకు రెండింటి సగటు చాలు.

తరవాత, ఒక్క ఢీని కూడా చూడకముందే నియమాలు రాసుకోండి. ఫొటోలో ఎక్కడి నుంచి ఎక్కడి దాకా లెక్కలోకి తీసుకుంటారో రెండు నిలువు గీతలు గీయండి. చివర్లో జరిగిన ఢీలో కొమ్మలు కొలవడానికి చాలినంత పొడవు ఉండవు, అందుకే పుంజం బయటికి పోయే వైపు ఎక్కువ వదిలేయాలి. పుంజానికి సమాంతరంగా లోపలికొచ్చిన గీతలే పుంజం గీతలు, పక్క నుంచి వాలుగా దూరినవి కావు. "ఈ ఒక్కటీ గీతకు అవతల ఉంది గానీ ఎంత బాగుందో సార్" అని బతిమాలతారు. ఒప్పుకోకండి.

ఇక వెతుకులాట. ప్రింటును పైనుంచి చూస్తే చిన్న వంపులు కంటికి ఆనవు. కాగితాన్ని కంటి ఎత్తుకు తెచ్చి, ఒక కన్ను మూసి, పుంజం గీత వెంబడి చూడండి. వడ్రంగి పలక వంకర చూసినట్టు. రెండు డిగ్రీల విరుపు కూడా ఠక్కున పట్టుబడుతుంది. గీత పక్కన సన్నగా చుట్టలు తిరిగేవి కనిపిస్తాయి. కణం హైడ్రోజన్‌లోని ఎలక్ట్రాన్‌ను తన్నేసిన గుర్తు అది, దాన్ని ఢీగా లెక్కపెట్టకండి. కానీ అది ఏ వైపు తిరిగిందో చూసి పెట్టుకోండి: ఆ ఫొటోలో రుణావేశం ఉన్నవన్నీ అటే వంగుతాయి. పుంజంలో రుణ కేయాన్లో రుణ పయాన్లో (ప్రోటాన్ కంటే తేలికైన, రుణావేశం ఉన్న కణాలు) ఉంటే, ఎలాస్టిక్ ఢీలో ఒక రుణ కొమ్మ, ఒక ధన కొమ్మ బయటికొస్తాయి. కొత్త కణం పుట్టదు, ఉన్నవి దారి మళ్లుతాయి, అంతే. పాఠ్యపుస్తకంలో స్థితిస్థాపక పరిక్షేపణం అనేది దీన్నే. నాలుగు కొమ్మలుంటే అది వేరే కథ. లెక్కపెట్టి పక్కన పెట్టండి.

ద్రవ్యవేగం (మొమెంటం) ఎక్కువైతే గీత తక్కువ వంగుతుంది. దాన్ని కొలవడానికి స్ఫెరోమీటర్ ప్రయోగం గుర్తు తెచ్చుకోండి. గీత మీద దూరంగా రెండు బిందువులు పెట్టి సన్నగా సరళరేఖ గీయండి. దాని మధ్య నుంచి వంపు దాకా ఎత్తు కొలవండి. పొడవు వర్గాన్ని ఎత్తుకు ఎనిమిది రెట్లతో భాగిస్తే వ్యాసార్థం. చాంబర్ స్కేలులో పొడవు 30 సెం.మీ., ఎత్తు 1.5 సెం.మీ. అయితే వ్యాసార్థం 75 సెం.మీ. జీఈవీ/సి (కణాల ద్రవ్యవేగం కొలిచే ప్రమాణం, 1000 ఎంఈవీ/సి)లో ద్రవ్యవేగం అంటే 0.3ను టెస్లాల్లో క్షేత్రంతో, మీటర్లలో వ్యాసార్థంతో గుణించడమే. 0.3 × 1.7 × 0.75, సుమారు 0.38. అంటే 380 ఎంఈవీ/సి. ఎత్తులో అర మిల్లీమీటరు తప్పినా ఇక్కడ 3 శాతమే తేడా. అదే పొడవులో ఎత్తు 1 మి.మీ. మాత్రమే ఉన్న గీత అయితే ఆ అర మిల్లీమీటరు సగం జవాబును మింగేస్తుంది. అందుకే వేగంగా పోయే కొమ్మ మీద కుస్తీ పట్టకుండా నెమ్మదిగా పోయే ప్రోటాన్ మీద శ్రద్ధ పెట్టండి. దాన్ని గుర్తుపట్టడం తేలిక: వేగం తగ్గేకొద్దీ బుడగలు ఒత్తుగా పడతాయి, గీత కాటుక దిద్దినట్టు ఉంటుంది.

అది ఎలాస్టిక్ ఢీయేనా అని ఇప్పుడు తేల్చాలి. దెబ్బ తిన్న ప్రోటాన్ ఎంత ద్రవ్యవేగంతో పోతే పుంజం దారికి ఏ కోణంలో పోవాలో ముందే నిర్ణయమై ఉంటుంది. దాని గతిజశక్తిని, పుంజం కణం శక్తికి ప్రోటాన్ ద్రవ్యరాశి శక్తిని కలిపిన మొత్తంతో గుణించండి. ఆ లబ్ధాన్ని పుంజం కణం, ప్రోటాన్ ద్రవ్యవేగాల లబ్ధంతో భాగిస్తే కోణం కొసైన్ వస్తుంది. పుంజం 10 జీఈవీ/సి, ప్రోటాన్ 380 ఎంఈవీ/సి అయితే గతిజశక్తి 74 ఎంఈవీ, కొసైన్ 0.21, కోణం 78 డిగ్రీలు.

తీగను మళ్లీ తిప్పండి. పుంజం కాగితానికి సమాంతరంగా ఉంది కాబట్టి కాగితం మీది కోణం అసలు కోణం కంటే తగ్గొచ్చు గానీ పెరగదు. వంపు నుంచి వచ్చిన ద్రవ్యవేగం కూడా అంతే: గీత కెమెరా వైపో, దూరంగానో వాలి ఉంటే అసలుది అంతకంటే ఎక్కువే. ద్రవ్యవేగం పెరిగితే ఎలాస్టిక్ కోణం ఇంకా తగ్గాలి. కాబట్టి కాగితం మీద 85 కనిపిస్తే, మీ కొలతలో తప్పు లేకపోతే, నిశ్చింతగా కొట్టేయండి. 50 కనిపిస్తే తీర్పు చెప్పకుండా రెండో కెమెరా ఫొటో తీయండి.

రెండో ఫొటో ట్రేసింగ్‌ను మొదటిదాని మీద పరిచి, ముందు అద్దం గుర్తులు కలపండి. వెనక అద్దం గుర్తులు కలవవు, 40 మి.మీ. పక్కకు జరిగాయనుకోండి. ఢీ బిందువు 10 మి.మీ. జరిగితే అది ముందు అద్దం నుంచి దాదాపు పావు లోతులో ఉన్నట్టు. ప్రోటాన్ చాంబర్‌లోనే ఆగిపోతే దాని కొనకు కూడా ఇలాగే లోతు కట్టండి. రెండు లోతుల తేడా, కాగితం మీది పొడవు తెలిస్తే వాలు తెలిసినట్టే. ఆగిపోని కొమ్మతో తంటా ఏమిటంటే, బుడగలన్నీ ఒక్కలా ఉంటాయి. ఈ ఫొటోలో ఈ బుడగ ఆ ఫొటోలో ఏదో చెప్పలేం. చేతి కొలతకు ఆగిపోయిన ప్రోటాన్లే దిక్కు.

చివరికి లెక్క. చాంబర్‌లో ద్రవ హైడ్రోజన్ సాంద్రత ఘన సెం.మీ.కు సుమారు 0.06 గ్రాములు. మొత్తం క్రాస్ సెక్షన్ (ఢీకి ప్రోటాన్ చూపే లక్ష్య వైశాల్యం లాంటిది) 25 మిల్లీబార్న్ (ఆ వైశాల్యం కొలిచే ప్రమాణం) అనుకుంటే, పుంజం గీత 11 మీటర్లు నడిస్తే సగటున ఒక ఢీ. 40 ఫొటోలు, ఒక్కోదానిలో 10 గీతలు, గీతకు ఒకటిన్నర మీటరు అంటే 600 మీటర్లు, దాదాపు 54 ఢీలు. మీరు చేసేది దీనికి తిరగేసిన లెక్క: ఢీలు లెక్కపెట్టి క్రాస్ సెక్షన్ రాబట్టడం. 54కు వర్గమూలం ఏడు పైచిలుకు, అంటే జవాబులో 14 శాతం ఊగిసలాట తప్పదు.

ఒకే ఫొటోలను ఇద్దరు విడివిడిగా, ఒకరి కాగితం ఒకరు చూడకుండా వెతకాలి. ఒకరికి 48, ఇంకొకరికి 45, ఇద్దరికీ దొరికినవి 40 అయితే, 48ని 45తో గుణించి 40తో భాగించండి: 54. ఇద్దరూ కలిసి పట్టుకున్నవి 53. కానీ ఈ లెక్కను ఎలాస్టిక్ ఢీల మీద గుడ్డిగా నమ్మకండి. ఒకరు మరిచిపోయింది ఇంకొకరికి దొరుకుతుందన్న ధీమా మీద నిలబడిన లెక్క ఇది. కనిపించనిది ఇద్దరికీ కనిపించదు. 100 ఎంఈవీ/సి ప్రోటాన్ హైడ్రోజన్‌లో కొన్ని మిల్లీమీటర్లు పోయి ఆగుతుంది. ఏ3 ప్రింటులో అది ఒక మచ్చ, పుంజం కణం విరుపు అర డిగ్రీ. అలాంటివాటిని వెతికి తెచ్చే పని పెట్టుకోకుండా, ఇంత ద్రవ్యవేగం లోపు ప్రోటాన్లను లెక్కలోకి తీసుకోలేదని ఫలితం పక్కనే రాయండి.

మిగిలిన ఎలాస్టిక్ ఢీలలో, రెండో ఫొటోతో లోతు కట్టగలిగిన వాటన్నిటికీ తీగ ఎంత తిరిగి ఉందో, ఆ కోణం లెక్కగట్టి పది డిగ్రీల గళ్లలో పోయండి. ప్రకృతికి ఆ కోణంలో పక్షపాతం లేదు, గళ్లన్నీ దాదాపు సమానంగా నిండాలి. మా పట్టికలో 0 నుంచి 60 దాకా బాగానే నిండేవి, 80, 90 దగ్గర ఎప్పుడూ ఖాళీ. ఆ ఖాళీ గళ్లను వదిలేసి, నిండిన గళ్ల సగటును మొత్తం తొమ్మిది గళ్లకూ వర్తింపజేసి ఎలాస్టిక్ సంఖ్యను దిద్దండి.