లోయ ఎలా పుడుతుందో వాకిట్లోనే చేసి చూడటం ఎలా?

హన్మకొండ గుట్టల్లో రాయి గుండ్లు గుండ్లుగా ఉంటుంది. భూపాలపల్లి దారి పట్టి రేగొండ దగ్గర పాండవుల గుట్టలకు పోతే ఇసుకరాయి పొరలు పొరలుగా గోడ కట్టినట్టు నిలబడి ఉంటుంది. రాయిని బట్టి, దాన్ని కోసినదాన్ని బట్టి లోయ రూపం మారుతుంది.

ఒక వెడల్పాటి ట్రే తీసుకోండి. జల్లెడ పట్టిన ఎర్రమట్టిలో కొంచెం ఇసుక కలిపి, ముద్ద కట్టేంత తడిపి, నాలుగు వేళ్ల మందాన గట్టిగా అదమండి. ఒక వైపు కింద ఇటుక పెట్టండి. దిగువ అంచులో నీళ్లు పోవడానికి సందు ఉండాలి. లేకపోతే మడుగు కట్టి కోత ఆగిపోతుంది.

పైఅంచున ఒకేచోట చెంబుతో సన్నటి ధార వదలండి. తొందరపడొద్దు. నీళ్లు మొదట అటూ ఇటూ పారి, తర్వాత ఒక దారి పట్టుకుని లోతుకు దిగుతాయి. వంగి చూడండి: ధార అడుగునే కోస్తుంది, పక్కలు నిటారుగా నిలుస్తాయి. ఇదే గండి. కడప జిల్లాలో పెన్నా కోసిన గండి పక్కనే గండికోట ఉంది. అమెరికాలో కొలరాడో నది కోసిన గ్రాండ్ కేన్యన్ పొడవు 446 కిలోమీటర్లు, లోతు కొన్నిచోట్ల 1,800 మీటర్లకు పైనే. అక్కడ నేల పైకి లేస్తుంటే నది కిందికి కోసింది. వాన తక్కువ కాబట్టి పక్కలు అంతగా కరిగిపోలేదు.

వాన పడితే ఏమవుతుందో కూడా చూడండి. సీసా మూతకు బెజ్జాలు పెట్టి ఆ గోడల మీద జల్లులా చల్లండి. మట్టి జారి ఇంగ్లిష్ అక్షరం వి (V) ఆకారం తెరుచుకుంటుంది.

కొండల మీంచి మెల్లగా జారే మంచు, రాళ్లను ఈడ్చుకుంటూ కోసిన లోయకైతే స్టీలు గ్లాసులో గులకరాళ్లు, ఇసుక, నీళ్లు పోసి గడ్డకట్టించి, ఆ గడ్డను వి లోయలో అదుముతూ తోయండి. అడుగు వెడల్పై యు (U) ఆకారం అవుతుంది. గంగోత్రి పైన భగీరథి లోయ అలాంటిదే.

చివరిది నాకు అన్నిటికన్నా ఇష్టం, ఎందుకంటే అది మన గోదావరిది. రెండు అట్టముక్కల అంచులు కలిపి పెట్టి, మీద పొడి గోధుమపిండి, నడుమ పసుపు పొర, మళ్లీ పిండి పరిచి అదమండి. అట్టలను చెరోవైపు మెల్లగా లాగితే రెండు పక్కలా పగుళ్లు పడి నడిమి భాగం కుంగుతుంది. ఇది పగులు లోయ. నీటిచుక్క వాడలేదు! ప్రాణహిత-గోదావరి లోయ ఇలా కుంగినదే, ఇప్పటి నది ఆ పల్లం వెంట పారుతోంది. 25 కోట్ల ఏళ్లకు పూర్వం ఆ కుంగే నేలలో అడవులు ఇసుక, బురద కింద పూడిపోయాయి. భూపాలపల్లి, గోదావరిఖని గనుల్లో బొగ్గుగా తవ్వుతున్నది వాటినే.

ఇప్పుడు పిండిని కత్తితో పగులుకు అడ్డంగా, పైనుంచి కిందికి కోయండి. పగులు దగ్గర పసుపు గీత తెగి, ఒక మెట్టు కిందికి దిగి ఉంటుంది. గనుల్లో బొగ్గు పొర కూడా పగుళ్ల దగ్గర అలాగే తెగి దిగుతుంది.