రివాల్వర్‌తో జింక వేట: మీ హద్దు ఎన్ని గజాలు?

అమెరికాలో రివాల్వర్‌తో జింక వేటకు దిగేవాళ్లు ముందుగా అడిగేది ఏ క్యాలిబర్ (తూటా సైజు) కొనాలని. అంతకన్నా ముందు మీ చెయ్యి ఎన్ని గజాల వరకు నిలకడగా ఉంటుందో తేలాలి. 6 అంగుళాల కాగితం ప్లేటును 25 గజాల్లో పెట్టండి. బల్ల ఆసరా వద్దు, అడవిలో ఎలా కూర్చుంటారో అలాగే కూర్చుని 5 తూటాలు కాల్చండి. ఐదూ ప్లేటులో పడితే 10 గజాలు వెనక్కి జరగండి. ఒక్కటి తప్పినా, దానికి ముందు కాల్చిన దూరమే మీ హద్దు. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు దాదాపు 8 అంగుళాలు ఉంటుంది. తక్కిన 2 అంగుళాలూ చలికి, ఆయాసానికి, గుండెదడకి వదిలిపెట్టాలి. మామూలు సైట్లతో (తుపాకీ మీద ఉండే గురి గుర్తులతో) చాలామంది 50 గజాల దగ్గరే ఆగిపోతారు. అందులో తప్పేమీ లేదు.

ఇక క్యాలిబర్. 1955లో వచ్చిన .44 మ్యాగ్నమ్ జింకకు నిండుగా సరిపోతుంది: 240 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలత) బుల్లెట్, సెకనుకు 1,200 నుంచి 1,350 అడుగుల వేగం. .454 కసుల్, .500 మ్యాగ్నమ్ లాంటివి జింక విషయంలో అదనంగా ఇచ్చేదేమీ లేదు, చేతిని మాత్రం గట్టిగా తన్నుతాయి. ఆ తన్నుకు జంకడం అలవాటైతే గురి పోతుంది. బ్యారెల్ 6 నుంచి 7.5 అంగుళాలు ఉండాలి. లోపల విచ్చుకునే సాఫ్ట్ పాయింట్ గానీ హాలో పాయింట్ గానీ వాడండి. నిబంధనలు రాష్ట్రానికో రకం: ఒహైయోలో బ్యారెల్ కనీసం 5 అంగుళాలు, తూటా కనీసం .357 ఉండాలి, కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి వేటకు సీసం బుల్లెట్లు పనికిరావు, రాగివి కొనాలి. లైసెన్సు తీసుకునేటప్పుడే ఆ ఏటి నియమాల పుస్తకం చదవండి.

గురి 50 గజాలకు సరిచేస్తే 100 గజాల్లో తూటా 5–6 అంగుళాలు కిందికి దిగుతుంది. స్కోపు (గురి చూసే దుర్బిణి) పెట్టాలంటే చేతి తుపాకుల కోసం చేసినదే పెట్టాలి. రైఫిల్ స్కోపులో చూడాలంటే కంటిని 3–4 అంగుళాల దగ్గరికి తేవాలి. తుపాకీ తన్నినప్పుడు అది నేరుగా నుదుటికి తగులుతుంది.

పట్టు దగ్గర ఒక్క విషయం ఎప్పుడూ మరవకూడదు. సిలిండర్‌కీ (తూటాలు నింపే, తిరిగే భాగం) బ్యారెల్‌కీ మధ్య వెంట్రుకవాసి సందు ఉంటుంది. కాల్చిన ప్రతిసారీ అందులోంచి నిప్పులాంటి వాయువు, సీసం తునకలు పక్కలకు చిమ్ముతాయి. అక్కడ వేలు ఉంటే కోసుకుపోతుంది. రైఫిల్ అలవాటున్నవాళ్లు రెండో చేతిని ముందుకు చాపుతారు కాబట్టి వాళ్లకే ఈ ప్రమాదం ఎక్కువ. రెండు చేతులూ పిడి మీదే ఉండాలి. ఆసరా కావాలంటే మణికట్ల కింద మెత్తటి సంచి పెట్టుకోండి. బ్యారెల్‌ను కొమ్మకు ఆనిస్తే తూటా ఎగిరి పైకి పోతుంది.

జంకు పోవాలంటే ఇలా చేయండి: 6 గదుల్లో 4 నింపి, సిలిండర్ తిప్పి, చూడకుండా మూయండి. ఖాళీ గది వచ్చినప్పుడు మూతి కిందికి వంగిందంటే మీరు తూటా కన్నా ముందే ఉలిక్కిపడుతున్నారన్నమాట. ఎక్కువ సాధన .44 స్పెషల్‌తో (అదే తుపాకీలో పట్టే, తన్ను తక్కువైన తూటా) చేసి, చివర్లో మాత్రం మ్యాగ్నమ్ కాల్చండి. చెవులకు రక్షణ లేకుండా ఒక్క తూటా కూడా కాల్చొద్దు, అడవిలో అయినా సరే. పెద్ద క్యాలిబర్లలో ఇంకో చిక్కు ఉంది: తన్నుకు మిగతా గదుల్లోని బుల్లెట్లు షెల్‌లోంచి ముందుకు జారి, సిలిండర్ తిరగకుండా బిగుసుకుపోతుంది. కొత్త పెట్టె తూటాలు కొన్నప్పుడు 5 నింపి, 4 కాల్చి, ఐదోది పొడవు పెరిగిందేమో కొలిచి చూడండి.

అడవిలో చెట్టుకు వీపు ఆనించి, మోకాళ్లు పైకి పెట్టి, ముంజేతులు వాటిమీద ఆనించి కూర్చోండి. జింక నిలబడి, వెనక నేల గట్టు కనబడి, కాల్చాలని నిశ్చయమయ్యాకే హ్యామర్ (తుపాకీ వెనక ఉండే సుత్తి) వెనక్కి లాగండి. అప్పుడు ట్రిగ్గర్ చాలా తేలిక. పక్కకు తిరిగి ఉంటే ముంగాలు వెనక, ఒంటి ఎత్తులో కింది నుంచి మూడో వంతు దగ్గర కొట్టాలి. మీకు దూరంగా కొంచెం అటు తిరిగి ఉంటే అవతలి ముంగాలిని గురిచూడండి. ఎదురుగా ఉన్నా, పరుగెత్తుతున్నా వదిలేయండి.

తూటా తగిలాక జింక నిలబడ్డ చోటు, చివరిసారి కనబడ్డ చోటు గుర్తుపెట్టుకుని అరగంట కదలకండి. లేత గులాబీ రంగు నురుగు నెత్తురైతే ఊపిరితిత్తులే. దగ్గర్లోనే పడి ఉంటుంది. ముదురు ఎరుపైతే కాలేయం, కనీసం 3 గంటలు ఆగాలి. ఆకుపచ్చ మురికి, దుర్వాసన ఉంటే పేగులకు తగిలినట్టు. 8 గంటలైనా ఆగాలి. తొందరపడి లేపితే మైళ్లు పోయి చస్తుంది, మీకు దొరకదు. దొరికాక వెనక నుంచి వెళ్లి కర్రతో కన్ను తాకి చూడండి. రెప్ప కదలకపోతే సిలిండర్ ఖాళీ చేసి, ట్యాగ్ (లైసెన్సుతో వచ్చే వేట చీటీ) నింపి, అప్పుడు కత్తి తీయండి.