పాత టేపులు క్యాప్చర్ చేసేటప్పుడు బొమ్మ వంగుతుంటే ఎలా సరిచేయాలి?

పాత క్యామ్‌కార్డర్ టేపును కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుంటే బొమ్మ పైభాగం పక్కకు వంగుతుంది, తలుపుల అంచులు అలల్లా కదులుతాయి, కాసేపటికి మాటకీ పెదవికీ పొంతన ఉండదు. అదే టేపు పాత టీవీలో బాగానే ఆడుతుంది కాబట్టి చాలామంది క్యాప్చర్ కార్డు (టేపు సిగ్నల్‌ను కంప్యూటర్ ఫైలుగా మార్చే పరికరం) పాడైందనుకుంటారు. అసలు సమస్య టైమింగ్‌ది.

పాల్ (PAL, మన దేశపు పాత టీవీ పద్ధతి) సిగ్నల్‌లో ఫ్రేముకు, అంటే ఒక్కో పూర్తి బొమ్మకు, 625 లైన్లు, సెకనుకు 25 ఫ్రేములు. అంటే ఒక్కో లైనుకు 64 మైక్రోసెకన్లు. టేపు కొంచెం సాగినా, మోటారు వేగం మారినా లైను ముందో వెనకో మొదలవుతుంది. పాత టీవీ దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. క్యాప్చర్ కార్డు మాత్రం కచ్చితమైన టైమింగ్ కోరుకుంటుంది, అది కుదరకపోతే ఫ్రేమునే వదిలేస్తుంది.

ముందుగా సాఫ్ట్‌వేర్‌లో పాల్, ఎన్‌టీఎస్‌సీ (NTSC, అమెరికా, జపాన్‌ల పాత టీవీ పద్ధతి)లలో మీ టేపుది ఏదో అదే పెట్టండి. ప్లేయర్‌లో టేపును చదివే హెడ్ శుభ్రం చేసి, టేపును ఒకసారి చివరిదాకా తిప్పి వెనక్కి చుట్టండి. ఈ ప్రయోగాలన్నీ అంతగా అవసరం లేని టేపుతోనే చేయండి. పెళ్లి టేపుతో వద్దు, దయచేసి.

తర్వాతది అన్నిటికన్నా ముఖ్యం: టైమ్ బేస్ కరెక్టర్ (టీబీసీ), అంటే సిగ్నల్ టైమింగ్‌ను సరిదిద్దేది. కొన్ని హై8, డిజిటల్8 కెమెరాల మెనూలోనే ఇది ఉంటుంది, ఆన్ చేయండి. ఒక్కో లైను టైమింగ్‌ను సర్దే లైన్ టీబీసీ వంకరలు సరిచేస్తుంది. ఫ్రేములు రాలిపోకుండా ఆపాలంటే మాత్రం ప్లేయర్‌కీ కార్డుకీ మధ్య, మొత్తం ఫ్రేము టైమింగ్‌ను సర్దే ఫ్రేమ్ టీబీసీ ఉండాలి. ఎస్-వీడియో కేబుల్ రంగుల్ని మెరుగుపరుస్తుంది గానీ టైమింగ్‌ను బాగుచేయదు. వదిలేసిన ఫ్రేమును ఏ ఎడిటింగ్ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు, అందుకే మందు కార్డుకు ముందే వేయాలి.

ఇప్పుడు పది నిమిషాలు రికార్డు చేసి, సాఫ్ట్‌వేర్ చూపే డ్రాప్డ్ ఫ్రేమ్స్ (వదిలేసిన ఫ్రేముల) అంకె గమనించండి. సున్నా దగ్గరే ఉండాలి.

ఆడియో కూడా వీడియో వచ్చే పరికరంలోంచే తీసుకోండి. సౌండ్ కార్డుకు విడిగా ఇస్తే రెండు పరికరాల లోపలి గడియారాలు రెండు దారులు పడతాయి. మొదట్లోనూ చివర్లోనూ మాట ఒకే లెక్కన వెనకబడితే ఎడిటింగ్‌లో ఆడియో ట్రాక్ జరిపితే చాలు. తేడా పెరుగుతూ పోతే గడియారాలో, రాలిన ఫ్రేములో కారణం. ఎన్‌టీఎస్‌సీ ఫ్రేములు సెకనుకు 29.97. వాటిని 30 అనుకుని ఆడిస్తే గంటకు 3.6 సెకన్ల తేడా వస్తుంది.

బొమ్మ అడుగున కొన్ని లైన్లు చెదిరి కనిపిస్తే టెన్షన్ పడకండి. అది హెడ్‌లు మారేచోటు, ప్రతి వీహెచ్‌ఎస్ టేపులోనూ ఉంటుంది. టీవీలో అంచు కింద దాగి ఉండేది, అంతే.