ఇంట్ల నాస్ కట్టుకునెటోళ్లు డిస్కుల మీద సీరియల్ నంబర్ రాసుకోండ్రి

పాత సీపీయూల మూడు నాలుగు హార్డ్ డిస్కులు వేసి ఇంట్లనే నాస్ (ఇంట్లోళ్లందరు నెట్‌వర్క్ మీద ఫైళ్లు దాచుకునే డబ్బ) కట్టుకుంటున్నరా, అయితే డబ్బ మూసేముందే ఒక్కో డిస్కు సీరియల్ నంబర్ల చివరి నాలుగు అక్షరాలు స్టిక్కర్ మీద పెద్దగ రాసి బయటికి కనబడే దిక్కు అతికియ్యుండ్రి. ఎందుకంటే డిస్కు ఎప్పుడో ఒకప్పుడు పోతది, అప్పుడు స్క్రీన్ మీద ఎస్‌డీబీ (సిస్టమ్ డిస్కుకు పెట్టుకునే పేరు) పోయిందని చూపిస్తది గానీ లోపల చూస్తే అన్నీ ఒక్క తీర్గనే ఉంటయి, పైగ ఎస్‌డీఏ ఎస్‌డీబీ అనే పేర్లు రీస్టార్ట్ చేస్తే అటుఇటు మారుతయి కూడ. రెయిడ్ 5 (డిస్కులన్నిటిని ఒక్కటిగ కలిపి నడిపే ఒక పద్ధతి) ఒక్క డిస్కు పోతే తట్టుకుంటది, కానీ పోయినదాన్ని విడిచిపెట్టి నడుస్తున్న మంచిదాన్ని గుంజితే మొత్తం ఆగిపోతది, ఇంటిల్లిపాది ఫొటోలు, పెండ్లి వీడియోలు అన్నీ అండ్లనే ఉంటయి కదా. స్మార్ట్‌సీటీఎల్ కమాండ్ కొడితే ఏ పేరుది ఏ సీరియలో చూపిస్తది, స్టిక్కర్‌తోని సరిచూసుకొని అదొక్కటే తియ్యుండ్రి.

డిస్కులు సీఎంఆర్‌వే (డేటా వరుసలు పక్కపక్కన రాసేటివి) కొనుండ్రి, ఎస్ఎంఆర్‌వి (వరుసలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కించి రాసేటివి) అగ్గువకు దొరుకుతయి గానీ కొత్త డిస్కు వేసి రీబిల్డ్ (పోయిన డిస్కుల డేటాను కొత్తదాంట్ల మళ్ల నింపుడు) పెట్టినప్పుడు మస్తు సతాయిస్తయి.

ఇగ మన వరంగల్ దిక్కు ఎండకాలం గాలిదుమారం లేస్తే కరెంట్ ఎప్పుడు పోతదో తెల్వది, అందుకే యూఎస్‌బీ వైర్ ఉన్న యూపీఎస్ తీసుకొని నాస్‌కు కలపుండ్రి, నాస్‌ల దాని సెట్టింగ్ చేసి పెడితే బ్యాటరీ అయిపోకముందే అదే నీట్‌గ షట్‌డౌన్ అయితది. రెయిడ్ ఉంది కదా అని బ్యాకప్ మానొద్దు, పొరపాటున ఫోల్డర్ డిలీట్ కొడితే అన్ని డిస్కులల్లకెళ్లి పోతది, ఒక ఎక్స్‌టర్నల్ డిస్కుల కాపీ చేసి ఊర్ల అమ్మవాళ్లింట్ల పెట్టుండ్రి.