జర్మనీలో చదువుకోవడానికి వెళ్తున్నారా? పబ్లిక్ హెల్త్ ఇన్సూరెన్స్ ఇలా తీసుకోండి

కొత్తగా జర్మనీలో దిగే మన పిల్లలకు ప్రతి సెమిస్టర్ ముందూ ఈ పని దగ్గరుండి చేయిస్తుంటాను. నిజానికి అరగంట పని. అయినా ఏటా ఎవరో ఒకరు అదే చోట అదే తప్పు చేసి వస్తారు, అప్పటికి సరిదిద్దే వీలుండదు. ఇది డిగ్రీ కోర్సులో చేరుతున్న, 30 ఏళ్లు నిండని వాళ్ల కోసం రాస్తున్నాను. 30 దాటినవాళ్లకు స్టూడెంట్ రేటు వర్తించదు, కేవలం లాంగ్వేజ్ కోర్సుకు వచ్చేవాళ్లకూ అంతే. మీరు విడిగా కనుక్కోవాలి.

ముందు కావలసినవి: పాస్‌పోర్ట్, అడ్మిషన్ లెటర్, ఒక ఫోటో. అంతే. జర్మనీ అడ్రస్, బ్యాంక్ అకౌంట్ నంబర్ తర్వాత ఇవ్వొచ్చు.

పబ్లిక్ ఇన్సూరెన్స్ ఇచ్చే సంస్థను క్రాంకెన్‌కాస్సె అంటారు. టీకే, ఏఓకే, బార్మర్, డీఏకే ఇలా చాలా ఉన్నాయి. ఏది మేలో తేల్చుకోలేక వారాలు పాడుచేసుకోకండి. ఏ వైద్యానికి డబ్బు ఇవ్వాలో చట్టమే చెబుతుంది కాబట్టి అన్నిట్లోనూ దాదాపు అవే సదుపాయాలు. నేను అందరినీ టీకేనే తీసుకోమంటాను, ఇంగ్లిష్‌లో పని జరుగుతుంది కాబట్టి. ఇండియాలో ఉండగానే ఆన్‌లైన్‌లో అప్లై చేసేయండి. ఫీజు నెలకు సుమారు 140 నుంచి 150 యూరోలు, 23 దాటి పిల్లలు లేనివాళ్లకు కాస్త ఎక్కువ.

ఈ పబ్లిక్ ఇన్సూరెన్స్ సెమిస్టర్ మొదలైన రోజు నుంచే పనిచేస్తుంది, ఎన్‌రోల్‌మెంట్ ఆ తర్వాత అయితే ఎన్‌రోల్ అయిన రోజు నుంచి. యూనివర్సిటీల్లో అది అక్టోబర్ 1 లేదా ఏప్రిల్ 1, అప్లైడ్ సైన్సెస్ కాలేజీల్లో సాధారణంగా ఒక నెల ముందు. మీరు దిగిన రోజుకూ ఆ రోజుకూ మధ్య ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉండాలి. సెమిస్టర్ ఆలస్యంగా మొదలైనా, అడ్మిషన్ పని సాగినా ఇబ్బంది లేకుండా రెండు మూడు వారాలు ఎక్కువకే తీసుకోండి.

ఇప్పుడు అసలు విషయం. దయచేసి ఇది మాత్రం రెండుసార్లు చదవండి.

ఎన్‌రోల్‌మెంట్‌కు మీ ఇన్సూరెన్స్ వివరం యూనివర్సిటీకి అందాలి. దీన్ని ఎం10 అంటారు. క్రాంకెన్‌కాస్సె నేరుగా కంప్యూటర్‌లో పంపుతుంది, మీరు చేతికి ఇచ్చేదేమీ లేదు. అయితే ఆ సమాచారం రెండు రకాలు. ఒకటి, ఈ విద్యార్థికి మా దగ్గర ఇన్సూరెన్స్ ఉంది అని. రెండోది, ఈ విద్యార్థి పబ్లిక్ ఇన్సూరెన్స్ నుంచి మినహాయింపు పొందాడు అని. ఈ మినహాయింపు పేరు బెఫ్రయుంగ్. నెలకు 30, 40 యూరోల ప్రైవేట్ పాలసీ అమ్మేవాళ్లు "యూనివర్సిటీకి ఒక కాగితం కావాలి, క్రాంకెన్‌కాస్సె నుంచి తెచ్చుకోండి" అని మామూలుగా చెప్పేది ఈ రెండో దాని గురించే. పిల్లలు అదేదో ఫార్మాలిటీ అనుకుని సంతకం పెట్టేస్తారు. చవగ్గా అయిందని ఇంట్లో వాళ్లూ సంతోషిస్తారు.

బెఫ్రయుంగ్ అడగడానికి ఇన్సూరెన్స్ మీకు తప్పనిసరి అయిన నాటి నుంచి మూడు నెలల గడువు ఉంటుంది. ఒకసారి మంజూరైతే వెనక్కి తీసుకోలేరు. చదువు సాగినంత కాలం పబ్లిక్‌లోకి రాలేరు, ఉద్యోగంలో చేరాక గానీ మళ్లీ దారి తెరుచుకోదు. ఈలోగా జబ్బు చేస్తే? చవక పాలసీల్లో చాలా వాటికి ముందునుంచి ఉన్న జబ్బులు పట్టవు. చాలాచోట్ల బిల్లు ముందు మీరే కట్టి, తర్వాత అడుక్కోవాలి. నాకు తెలిసిన ఒక అబ్బాయికి థైరాయిడ్. ఏజెంట్ చెప్పాడని సంతకం పెట్టి వచ్చాడు, రెండేళ్ల పాటు ప్రతి వైద్య పరీక్షకూ సొంత డబ్బే. ఆ అబ్బాయి ముఖం గుర్తొస్తే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

కాబట్టి ఏ ఫారంలోనైనా, ఎంత చిన్న అక్షరాల్లో ఉన్నా, "బెఫ్రయుంగ్" లేదా "బెఫ్రయిట్" అన్న మాట కనబడితే పెన్ను పక్కన పెట్టండి. జర్మన్ రాకపోతే ఫోటో తీసి అనువాదం చేసుకోండి, అర్థమయ్యేదాకా సంతకం వద్దు. "ఇప్పుడు ఇది తీసుకో, తర్వాత మార్చుకోవచ్చు" అని ఎవరన్నా అంటే నమ్మకండి, మార్చుకోలేరు.

ఇది దాటితే మిగతావి తేలిక. పోస్ట్‌బాక్స్ మీద మీ పేరు అంటించండి, లేకపోతే పోస్టులో వచ్చే ఇన్సూరెన్స్ కార్డ్ వచ్చిన దారినే తిరిగి పోతుంది. ఆ కార్డ్ కోసం ఫోటో అప్‌లోడ్ చేయండి. ఫీజు అకౌంట్‌నుంచి నేరుగా కట్టయ్యేలా పెట్టుకోండి. రెండు నెలలు బకాయి పడితే అత్యవసర వైద్యం తప్ప మిగతావి ఆపేస్తారు, యూనివర్సిటీకి కబురు వెళ్తుంది, తర్వాతి సెమిస్టర్ రీరిజిస్ట్రేషన్‌కూ అడ్డం పడవచ్చు.

కార్డ్ రాగానే, జ్వరం వచ్చేదాకా ఆగకుండా, ఇంటికి దగ్గర్లో ఒక హౌస్‌ఆర్ట్స్‌ట్‌ను, అంటే ఫ్యామిలీ డాక్టర్‌ను చూసుకోండి. కొత్త పేషెంట్లను తీసుకోని క్లినిక్‌లు చాలా ఉంటాయి, నాలుగైదు చోట్లకు ఫోన్ చేయాల్సిరావచ్చు. స్పెషలిస్ట్‌కు కావలసిన చీటీ కూడా ఈ డాక్టరే రాస్తారు. 2024 నుంచి మందుల చీటీ కాగితం అక్కర్లేదు, మందుల షాపులో ఈ కార్డ్ చూపిస్తే చాలు. మందుకు ధరలో పదోవంతు మీరు కట్టాలి, కనీసం 5, గరిష్ఠంగా 10 యూరోలు. ఆస్పత్రిలో పడుకుంటే రోజుకు 10 యూరోలు, ఏడాదికి 28 రోజుల వరకే. పళ్ల క్లీనింగ్ లాంటివి ఇందులో రావు, కళ్లద్దాలకూ మామూలుగా డబ్బు రాదు, అవి ఇండియాలోనే చేయించుకుని రండి.

రాత్రి పూట, సెలవు రోజున డాక్టర్ కావాలంటే 116117కు ఫోన్ చేయండి. ప్రాణం మీదికి వస్తే మాత్రం ఆలోచించకుండా 112. రెండూ ఈరోజే ఫోన్‌లో సేవ్ చేసుకోండి.