పెద్దవాళ్ల చూపు కదిలే వస్తువును అందుకుంటోందా? ఇంట్లోనే ఇలా చూడండి

"కందుకూరు బస్సో ఆత్మకూరు బస్సో, బోర్డు చదివేలోపే దాటిపోయింది" అని నాయనో అవ్వో అంటే వెంటనే అద్దాలు మార్చాలని అనుకుంటాం. ఆగి ఉన్న బస్సు బోర్డు వాళ్లు చక్కగా చదువుతున్నారా? అయితే సమస్య అద్దాలది కాకపోవచ్చు. కదిలే వస్తువు వెంట కంటిని నడిపేది మెదడు. వయసు పెరిగేకొద్దీ కన్ను కాస్త ఆలస్యంగా కదలడం మొదలుపెడుతుంది, వస్తువు వేగాన్ని అందుకోలేక వెనకబడుతుంది, ఆ తేడా పూడ్చుకోవడానికి చిన్న చిన్న గెంతులు వేస్తుంది.

చూడటం తేలికే. మంచి వెలుతురులో ఎదురుగా కూర్చోండి. ఎర్ర మూత పెన్ను ఒకటి వాళ్ల కళ్లకు అర మీటరు దూరంలో పట్టుకుని "తల తిప్పబాకు నాయనా, కళ్లతోనే చూడు" అని చెప్పండి. ఒక భుజం నుంచి రెండో భుజం దాకా నాలుగైదు సెకన్లలో నిదానంగా జరపండి, మీరు మాత్రం నల్లగుడ్డునే గమనించండి. సాఫీగా జారుతోందా, గెంతుతోందా? తర్వాత అంతే దూరం రెండు సెకన్లలో.

ఇక్కడ చాలామంది పొరపడతారు: పెన్నును ఒకే లయలో అటూ ఇటూ ఊపితే మెదడు ముందే ఊహించి కంటిని నడిపేస్తుంది, పెద్దవాళ్లు కూడా బాగానే చేస్తారు. అందుకే చెప్పకుండా మధ్యలో దిశ మార్చండి, అప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. ఇంట్లో పాతికేళ్ల వాళ్లకీ ఇదే చేసి పోల్చండి, ఎందుకంటే వేగం పెంచితే ఎవరి కన్నైనా గెంతుతుంది. నిద్ర చాలని రోజు, నిద్రమాత్ర వేసుకున్నాక చూడొద్దు. ఫిట్స్ మందులు కొన్ని కూడా చూపును నెమ్మదింపజేస్తాయి.

కొద్దిపాటి గెంతులకు టెన్షన్ అక్కర్లేదు, వయసుతో వచ్చేవే. రెండు కళ్లూ కలిసి కదలకపోయినా, కిందికి చూడలేక మెట్ల దగ్గర తడబడుతున్నా డాక్టరుకు చూపించండి. ఉన్నట్టుండి ఒకటి రెండుగా కనిపించినా, మాట తడబడినా, చెయ్యి పడిపోయినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.

ఇక కావలి, సింగరాయకొండ లాంటి చోట్ల హైవే దాటడం. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు సెకనుకు 22 మీటర్లు వచ్చేస్తుంది. కాబట్టి కళ్లతో పాటు తలను కూడా పూర్తిగా కుడివైపు తిప్పి చూడమనండి, రోడ్డు మధ్య డివైడర్ దాకా వచ్చి ఆగి, ఈసారి ఎడమవైపు చూసి మిగతా సగం దాటమనండి, మసక చీకట్లో మాత్రం ఒంటరిగా పంపొద్దు.